కుంచె కబుర్లు: రాయి గీయాలంటే నీళ్లు తెలియాలి

బొమ్మ గీయమని ఏ పిల్లాడి చేతికైనా కాగితం ఇచ్చి చూడండి. రెండు త్రికోణాల కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, కొండల్లోంచి వంకర్లు తిరుగుతూ వచ్చే నీలం నది, ఒడ్డున గుడిసె, పక్కన వంగిన కొబ్బరిచెట్టు. కోనసీమ పిల్లాడు గీస్తే సరేననుకోవచ్చు. జమ్మలమడుగు పిల్లాడూ అదే గీస్తాడు. ఆలూరు పిల్లా అదే గీస్తుంది! కిటికీలోంచి చూస్తే కనిపించేదేమో ఎర్రటి గుట్ట, కంపచెట్లు, బండలు పేర్చిన గోడ, నెర్రెలు బారిన రేగడి చేను. కాగితం మీద మాత్రం వాటికి చోటుండదు.

'మన దగ్గర గీయడానికేముంది, అంతా రాళ్లే కదా' అని పెద్దవాళ్లే అనేస్తుంటారు. అసలు సంగతి వేరు. కొబ్బరిచెట్టుకు అందరికీ తెలిసిన ఒక గుర్తుంది. నదికి ఒక వంకర గీత ఉంది. రాయికి అలాంటి గీత లేదు. రాయిని రాయిగా చూపేది దాని అంచు కాదు, దాని ఒళ్లు. ఆ గరుకు, ఆ పగులు, ఆ పొర, ఆ మచ్చ. బొమ్మలు వేసేవాళ్లు దీన్నే టెక్స్చర్ అంటారు. అది చేతికొచ్చిందంటే గండికోట, బెలుం గుహలు, ఇంటి వెనకున్న బండల గోడ... అన్నీ బొమ్మలవుతాయి. నీటిరంగుల్లో ఇది నేర్చుకోవడం కష్టమేమీ కాదు. కావలసిన సరంజామాలో సగం వంటింట్లోనే ఉంటుంది. ఈ వారం ఆ కబుర్లే.

ముందు ఎండ సంగతి

నీటిరంగు అంటే మూడే వస్తువులు. మెత్తగా నూరిన రంగుపొడి, దాన్ని కాగితానికి పట్టి ఉంచే జిగురు, నీళ్లు. ఆ జిగురు మన నల్లతుమ్మకు దగ్గరి చుట్టమైన ఆఫ్రికా తుమ్మచెట్టు నుంచి వచ్చే బంకే. రంగూ జిగురూ ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. మారేది నీళ్లు ఒక్కటే. ఉప్పు చల్లినా, గీరినా, పాలిథిన్ కప్పినా ఫలితమంతా ఆ క్షణాన కాగితం మీద ఎంత తడి ఉందన్నదాన్ని బట్టే ఉంటుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. నీటిరంగుల పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లండు లాంటి చల్లటి, తేమ దేశాల్లో రాసినవి. 'వాష్ వేశాక అయిదు నిమిషాలు ఆగి ఉప్పు చల్లండి' అని వాటిలో ఉంటుంది. కర్నూల్లో ఏప్రిల్ మధ్యాహ్నం అయిదు నిమిషాలు ఆగితే ఏముంటుంది? కాగితం అప్పడంలా ఎండిపోయి ఉంటుంది. ఉప్పు దాని మీద ఉప్పులాగే కూర్చుంటుంది! ఎండ నలభై డిగ్రీలు దాటి, గాలిలో తేమ లేని చోట గడియారం చూసి బొమ్మ వేయలేం. కాగితాన్ని చూసే వేయాలి.

కాబట్టి నిమిషాలు మరిచిపోండి. కాగితాన్ని కంటి ఎత్తుకు తెచ్చి, వెలుతురు వైపు పక్కనుంచి చూడండి. తడికి నాలుగు దశలు కనిపిస్తాయి. మొదటి దశలో నీళ్లు నిలిచి, కాగితం అద్దంలా తళతళలాడుతుంది. రెండో దశలో నీళ్లు నిలవవు కానీ మెరుపు ఉంటుంది. మూడో దశలో మెరుపు పోతుంది, తాకితే మాత్రం చల్లగా తగులుతుంది. నాలుగోది పూర్తి పొడి. ఏ ప్రయోగమైనా ఈ నాలుగింటిలో ఏదో ఒక దశలోనే పండుతుంది.

దశలు మరీ త్వరగా దాటిపోతుంటే ఆపడానికి ఉపాయాలున్నాయి. ఉదయం ఎనిమిది లోపో, పొద్దు వాలాకో వేయండి. ఫ్యాను కట్టేయండి. కాగితం వెనకవైపు కూడా బాగా తడిపి, వంటింట్లో నున్నగా ఉన్న కడప బండ మీద పరవండి. నున్నటి బండ నీటిని పెద్దగా పీల్చుకోదు కనుక కింది తడి చాలాసేపు నిలుస్తుంది. గ్లాసెడు నీళ్లలో రెండు మూడు చుక్కల గ్లిజరిన్ కలిపినా రంగు నెమ్మదిగా ఆరుతుంది. ఎక్కువైతే మాత్రం బొమ్మ జిగటగా ఉండిపోతుంది, జాగ్రత్త.

కాగితం మందంగా ఉండాలి. 300 జీఎస్ఎం గరుకు కాగితం దొరికితే మేలు. అలవాటు చేసుకునే రోజుల్లో మందపాటి కాట్రిడ్జ్ కాగితం చాలు. పల్చటి డ్రాయింగు కాగితం మీద మాత్రం ఇవేవీ ప్రయత్నించకండి, చిరుగుతుంది.

గండికోట రాళ్లకు పాలిథిన్ సంచి

ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారే లోయ అంచున నిలబడితే కనిపించేది రాతి దిమ్మెల వరస. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, మధ్యలో నిలువు చీలికలతో. ఒక్కో దిమ్మె అంచు గీస్తూ పోతే రోజంతా చాలదు. చూసేవాళ్లకు ఇటుకల గోడలా కూడా అనిపిస్తుంది. దానికి పాలిథిన్ సాయం తీసుకోండి.

ముందు కాగితమంతా యెల్లో ఓకర్ పల్చగా పూసి పూర్తిగా ఆరనివ్వండి. దాని మీద రాళ్లు రావలసిన చోట బర్న్‌ట్ సియెన్నా ధారాళంగా వేయండి. అక్కడక్కడా అల్ట్రామెరీన్ నీలం తాకించి, రెండూ వాటంతటవే కలవనివ్వండి. మొదటి దశలోనే, అంటే నీళ్లు నిలిచి ఉండగానే, పల్చటి పాలిథిన్ కవరు ముక్కను నలిపి పైన పరచండి. వేళ్లతో ముడతలను అటూ ఇటూ జరిపితే రాతి చీలికల్లా దిద్దవచ్చు. ఇక ముట్టుకోకండి. పాలిథిన్ కింద ఆరడానికి గంటలు పడుతుంది. రాత్రి వేసి పొద్దున తీయడం ఉత్తమం. కవరు తాకిన చోట లేతగా, ముడతల్లో రంగు చేరిన చోట ముదురుగా, కోసినట్టున్న అంచులతో రాళ్లు తయారై ఉంటాయి. సన్నటి కుంచెతో నాలుగైదు నీడలు దిద్దితే చాలు.

లోయ అడుగున పెన్న ఒక సన్నటి మెరుపు. దానికోసం రంగు వేయకముందే కొవ్వొత్తి అంచుతో ఒక గీత గీయండి. మైనం ఉన్నచోట నీటిరంగు నిలవదు, కాగితం తెల్లదనం అలాగే ఉంటుంది. ఈ ఉపాయం చిన్నపిల్లల ఆట అనుకోకండి. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకు భయపడి లండన్ భూగర్భ రైల్వే స్టేషన్లలో తలదాచుకున్న జనాన్ని 1940-41లో హెన్రీ మూర్ గీసింది మైనపు క్రేయాన్ల మీద నీటిరంగు పూసే! ఒక్కటే గుర్తుంచుకోండి. మైనం ఒకసారి పడిందంటే చెరిపేయడం కుదరదు.

బండల గోడకు పాత ఏటీఎం కార్డు

బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు వెళితే అంతా బండల రాజ్యం. ఇంటి గోడ బండే, కప్పు బండే, చేను చుట్టూ కంచెగా నిలబెట్టినవీ బండలే. ఈ నాపరాయి నలుపు అనుకుంటాం కానీ పరీక్షగా చూడండి, అందులో నీలం, బూడిద, గోధుమ అన్నీ ఉంటాయి. ట్యూబులోని నలుపు రంగు వాడితే గోడ తారు పూసినట్టు చచ్చిపోతుంది. అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియెన్నా కలపండి. ఈ రెంటిలో రంగుపొడి కాస్త ముతక. గరుకు కాగితం మీద వేస్తే ఆ పొడి గుంటల్లోకి దిగి, నలకలు నలకలుగా ఆరుతుంది. ఏ కష్టమూ లేకుండానే రాతి గరుకు వచ్చేస్తుంది.

ఇప్పుడు గోడ పేర్పు. రంగు చిక్కగా పూయండి. మెరుపు పోతున్న సమయానికి, అంటే రెండో దశ నుంచి మూడో దశకు మారేటప్పుడు, గడువు తీరిన ఏటీఎం కార్డు అంచును కాగితానికి ఆనించి పక్కకు లాగండి. రంగు పక్కకు నెట్టుకుపోయి లేత పట్టీ మిగులుతుంది. ఒక్క లాగుడుకు ఒక్క బండ! చివర పోగైన రంగు దాని నీడ. వరసకు నాలుగు, పైన మూడు... పేర్చుకుంటూ పోవడమే. అన్నీ ఒకే పొడవు లేకుండా చూసుకోండి. తాపీమేస్త్రీ కూడా అలా పేర్చడు కదా.

గోడ పక్కన సర్కారు తుమ్మ లేకపోతే మన ఊరనిపించదు. దానికి ఎండిన బీరకాయ పీచు చాలు. చిన్న ముక్కను చిక్కటి రంగులో అద్ది, ముందొకసారి పాత కాగితం మీద ఒత్తి, తర్వాత బొమ్మ మీద తేలిగ్గా తాకించండి. ఆకుల కన్నా ముళ్లూ పుల్లలే ఎక్కువగా కనిపించే ఆ కంప సరిగ్గా అలాగే వస్తుంది.

రేగడి నెర్రెలు, ఎర్రనేల గులకలు

నంద్యాల, కోవెలకుంట్ల వైపు మే నెల చేను చూడండి. నల్లరేగడి కాలు ఇరుక్కునేంత నెర్రెలు ఇస్తుంది. దీనికి కుంచె వెనకవైపు మొన గానీ, చీపురుపుల్ల గానీ చాలు. ముదురు గోధుమ రంగు పూసి, మెరుపు ఇంకా ఉండగానే పుల్లతో గీయండి. కాగితం మీద సన్నటి గాడి పడి, తడి రంగు అందులోకి దిగి, గీత ముదురుగా ఆరుతుంది. అదే నెర్రె.

చిత్రమేమిటంటే, కాసేపాగి మెరుపు పోయాక గోరుతో అదుముతూ గీరితే గీత తెల్లగా వస్తుంది. అప్పటికి గాడిలోకి దిగడానికి తడి ఉండదు, ఉన్న రంగు పక్కకు జరుగుతుంది. అదే కాగితం, అదే రంగు. ఒక నిమిషం తేడాతో నలుపు గీత తెలుపవుతుంది. తెల్లగీతలను చేలో మిగిలిన జొన్న కొయ్యకాళ్లు అనుకోవచ్చు. ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ ఇలా గీరడం కోసమే బొటనవేలి గోరు పెంచుకున్నాడని చెబుతారు.

ఎర్రనేలది మరో దారి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతుంటారు కదా, ఆ గులకరాళ్ల నేల గీయాలంటే పాత టూత్‌బ్రష్ తీయండి. రంగులో ముంచి, ఒకసారి విదిలించి, కుచ్చును బొటనవేలితో వెనక్కి లాగి వదిలితే తుంపర పడుతుంది. పొడి కాగితం మీద పడితే చుక్క చుక్కగానే ఉంటుంది. తడి మీద పడితే చెదిరి మెత్తబడుతుంది. దగ్గరి నేలకు పొడి మీద, దూరపు నేలకు తడి మీద చల్లండి. ఆకాశం మీద పడకుండా పాత పేపరు కప్పడం మరవద్దు. ఇంట్లో గోడలకు సున్నం కొత్తగా వేయించి ఉంటే ఈ పని పెరట్లో చేసుకోండి!

ఇక పొడి కుంచె. కుంచెను రంగులో ముంచి, గుడ్డకద్ది నీరంతా తీసేసి, పడుకోబెట్టినట్టు పట్టుకుని గరుకు కాగితం మీద చకచకా లాగాలి. కాగితపు మిట్టలకు రంగు అంటుతుంది, గుంటలు తెల్లగా మిగులుతాయి. ఎండిన నేల, చింతచెట్టు బెరడు, ఎండలో మెరిసే గుట్ట నెత్తి... అన్నిటికీ ఇదే. అమెరికాలో ఆండ్రూ వైయెత్ దీంతోనే ఎండుగడ్డి పరకలను ఒక్కొక్కటిగా చూపాడు. పొడిగాలి ఇక్కడ మనకు మేలే చేస్తుంది. తేమ దేశాల వాళ్లు కాగితం ఆరేదాకా కాచుక్కూర్చోవాలి, మనకు ఆ బాధ లేదు.

గుహలో ఉప్పు, గోడ మీద స్పిరిటు

బెలుం గుహలను 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించాడు. 1982, 83 సంవత్సరాల్లో జర్మనీ నుంచి వచ్చిన బృందం లోపలంతా కొలిచింది. 2002 నుంచి జనం చూడటానికి తెరిచారు. పొడవు 3,229 మీటర్లు. లోపల దీపాల వెలుగులో సున్నపురాయి మీద ఎన్నో మచ్చలు, గీతలు కనిపిస్తాయి. ఇక్కడ ఉప్పు బాగా పనికొస్తుంది.

రంగు చిక్కగా పూసి, రెండో దశలో ఉప్పు చల్లండి. ప్రతి రవ్వా తన చుట్టూ ఉన్న తడిని లాక్కుంటుంది. ఆ కదలికలో రంగు చెదిరి నక్షత్రాల్లాంటి లేత మచ్చలు పడతాయి. కల్లుప్పుకు పెద్ద మచ్చలు, మెత్తటి ఉప్పుకు సన్నటి చుక్కలు. కాగితం ఆరాక మాత్రమే చేత్తో దులపాలి. ఒక్క రవ్వ కూడా మిగలకూడదు. వానాకాలం గాలిలో తేమను పీల్చి ఆ ఉప్పే బొమ్మను పాడుచేస్తుంది. ఇక ఎండాకాలం అయితే ఉప్పును రెండో దశ మొదట్లోనే చల్లేయండి.

కోటగోడల మీద గుండ్రటి పాచిమచ్చలు చూసే ఉంటారు. తడి రంగు మీద సర్జికల్ స్పిరిటు చుక్క వేస్తే రంగు దూరంగా పారిపోయి, మధ్యలో చిన్న బొట్టుతో గుండ్రటి మచ్చ పడుతుంది. స్పిరిటు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి, పెద్దవాళ్ల చేతులతోనే వేయాలి.

పాత గోడ మీద వాన చారలు కావాలా? మూడో దశలో ఉన్న రంగు మీద మంచినీళ్ల చుక్క వేయండి. ఆ నీరు కిందున్న రంగును అంచులకు తోసుకుపోయి, గోబీపువ్వు ఆకారంలో ఆరుతుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి బొమ్మ పాడైందని బెంబేలెత్తుతారు. బల్ల మీద ఒలికిన కాఫీ చుక్క అంచు ముదురుగా ఆరడానికీ దీనికీ దగ్గరి పోలికే ఉంది. అంచుల దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది, ఆ ఖాళీని పూరించడానికి మధ్యలోని నీరు నలకలను మోసుకుంటూ అంచుకు పరిగెడుతుందని షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1997లో వివరించారు. కారణం తెలిస్తే మరకే పనిముట్టవుతుంది.

మనకిది కొత్తేమీ కాదు

రాయీ రంగూ ఈ సీమకు ఎప్పటినుంచో తెలుసు. కడప జిల్లా ముద్దనూరు దగ్గర చింతకుంటలో రాతి చరియల కింద ఆదిమానవులు వేసిన జంతువుల బొమ్మలు, మనుషుల బొమ్మలు ఎరుపు, తెలుపు రంగుల్లో నేటికీ ఉన్నాయి. అక్కడ కాగితం రాయే, గరుకూ రాయిదే. మనం కొట్లో కొనే యెల్లో ఓకర్ కూడా మట్టి రంగే. కర్నూలు, కడప నేలల్లో ఆ ఓకర్ ఖనిజం ఉంది.

కడపలో కైఫీయత్తులు అనగానే గుర్తొచ్చే కర్నల్ కాలిన్ మెకంజీకి కూడా నీటిరంగులతో చుట్టరికం ఉంది. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన ఆయన 1821లో మరణించాడు. ఆయన సేకరణలో ఊళ్ల చరిత్రలతో పాటు కోటలు, గుళ్లు, కొండల చిత్రాలూ ఉన్నాయి. వాటిలో నీటిరంగులవీ చాలా ఉన్నాయి, ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. కెమెరా లేని రోజుల్లో ఒక చోటును మరో చోటికి మోసుకెళ్లే దారి అదే. ఎక్కడినుంచో వచ్చినవాళ్లకు గీయదగ్గవిగా కనిపించిన కొండలు, వాటి కిందే పుట్టి పెరిగిన పిల్లలకు కనిపించకపోతే ఎలా?

ఉప్పు ఎక్కువైతే...

ఒక హెచ్చరికతో ముగిద్దాం. ఈ ఉపాయాలన్నీ తెలిసిన ఉత్సాహంలో ఒకే కాగితం మీద ఉప్పు, మైనం, తుంపర, స్పిరిటు అన్నీ గుమ్మరించాలనిపిస్తుంది. అప్పుడది బొమ్మ కాదు, తిరణాల కొట్టు! కూరలో ఉప్పు తెలియాలి గానీ ఉప్పులో కూర తెలియకూడదు. ఒక బొమ్మకు ఒకటి, మహా అయితే రెండు ఉపాయాలు చాలు. మిగతా కాగితం ప్రశాంతంగా ఉంటేనే ఆ గరుకు కంటికి ఆనుతుంది. ఆకాశాన్ని ఉత్త వాష్‌తో వదిలేయండి.

ఇంకో మాట. ముందు ఉపాయం ఎంచుకుని, దానికి సరిపోయే వస్తువు కోసం వెతకకండి. ముందు వస్తువు దగ్గరకు వెళ్లండి. చేత్తో తడమండి. గరుకా, నునుపా? పొరలా, పగుళ్లా? పగులు అడ్డంగా పోతోందా, నిలువుగానా? ఇదంతా చూశాక ఏ ఉపాయం కావాలో ఆ రాయే చెబుతుంది.

ఈ వారం పని: ఒక కాగితాన్ని పన్నెండు గళ్లు చేయండి. అన్నిటికీ ఒకే రంగు. ఉప్పు, పుల్లగీత, నీటిచుక్క... ఈ మూడింటినీ ఒక్కో వరసలో నాలుగు దశల్లోనూ ప్రయత్నించండి. ఒక్కో గడికి విడిగా రంగు పూసి, కావలసిన దశ వచ్చేదాకా కనిపెట్టండి. ఏ గడిలో ఏం చేశారో, అప్పుడు టైమెంతో పెన్సిలుతో కింద రాయండి. అదే మీ ఊరి ఎండకు మీరు రాసుకున్న పుస్తకం, ఏ కొట్లోనూ దొరకదు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఉప్పు చల్లే పని వాళ్లకివ్వండి. ఆ తర్వాత ఇంటి వెనకున్న గోడనో, ఊరి గుట్టనో చూపించి గీయమనండి. కొబ్బరిచెట్టు లేకుండా!

వచ్చే ఆదివారం ఆకాశం సంగతి చూద్దాం. తొలకరి మేఘం మన గుట్టల మీద ఎలా దిగుతుందో, దాన్ని ఒక్క వాష్‌లో ఎలా పట్టుకోవాలో చెప్పుకుందాం.